ఆటని రెండు పీరియడ్లుగా కోసిందెవరు?

"బొమ్మలేసుకోడానికి డ్రాయింగ్ పీరియడ్ ఉంది. ఆడుకోడానికి గేమ్స్ పీరియడ్ ఉంది. మధ్యలో ఈ కలగాపులగం ఎందుకండీ?"

మా ఊళ్ళో ఒక బడిలో తల్లిదండ్రుల సమావేశం జరుగుతుంటే విన్న మాట ఇది. బడి పేరు అనవసరం. అన్నయ్య ఊళ్ళో లేకపోవడంతో వాళ్ళమ్మాయి తరఫున నేను వెళ్ళి కూర్చున్నాను. ఆ బడి డ్రిల్లు మాస్టారూ, డ్రాయింగ్ టీచరమ్మా కలిసి ఒకటిన్నర పేజీల ఉత్తరం రాసుకొచ్చారు. శనివారం మధ్యాహ్నాలు స్కేట్‌బోర్డు క్లబ్బు నడుపుతామనీ, బోర్డు తొక్కడం నేర్పుతామనీ, దాని మీద బొమ్మ ఎవరిది వాళ్ళే వేసుకుంటారనీ, ర్యాంపు ఊళ్ళో వడ్రంగి చేత చేయిస్తామనీ ఉంది అందులో. చదవడానికి పట్టినంతసేపు కూడా పట్టలేదు దాన్ని పక్కన పెట్టడానికి. "కాలో చెయ్యో విరిగితే బాధ్యత ఎవరిది?" అన్నారొకాయన. "అవన్నీ డబ్బున్నోళ్ళ పిల్లల సరదాలు సార్" అన్నారు పక్కాయన. "రోడ్ల మీద జులాయిగా తిరిగేవాళ్ళ ఆట కదండీ అది, సినిమాల్లో చూడ్డం లేదా?" అని ఒకావిడ. చివరికి పైన చెప్పిన కలగాపులగం మాటతో తీర్పు అయిపోయింది. టీలు వచ్చాయి. తర్వాతి అంశం బస్సు ఫీజు.

అక్కడ నాకు నోరు పెగల్లేదు. పాతికమంది తల్లిదండ్రుల ముందు, మన సొంత బిడ్డ కూడా అక్కడ లేనప్పుడు, వాదన పెట్టుకోవడం అంత తేలిక కాదు. ఆ ఇద్దరు మాస్టర్లూ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకోవడం చూశాను. బాకీ పడ్డట్టయింది. ఇప్పుడు తీర్చుకుంటున్నాను.

పరాయి ఆట అన్న మాట ముందు తేల్చేద్దాం. ఎనభైల్లో, తొంభైల్లో విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పెరిగినవాళ్ళని ఎవర్నైనా అడగండి, బేరింగు బండి గురించి చెబుతారు. మెకానిక్ షెడ్డు వెనకాల పారేసిన బాల్ బేరింగులు మూడో నాలుగో ఏరుకొచ్చేవాళ్ళు. పెట్టె చెక్క ఒకటి, ముందు అడ్డకర్ర ఒకటి, దానికో తాడు. ఒకడు కూర్చుంటే ఇంకొకడు వెనకనుంచి తోసేవాడు. తారు రోడ్డు మీద ఆ ఇనప మోతకి మధ్యాహ్నం కునుకు చెడి ముసలివాళ్ళు తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలోనే ఉన్నాయి చాలామందికి. 1950లలో కాలిఫోర్నియా పిల్లలు చేసిందీ ఇదే. సముద్రంలో అల లేని రోజున ఊరుకోలేక, రోలర్ స్కేట్లు ఊడబీకి, వాటి చక్రాలు ఒక చెక్కకి బిగించి, వీధినే అలగా చేసుకున్నారు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే కుర్రాడు పాలియురేథేన్ చక్రాలు తెచ్చేదాకా వాళ్ళ బండి కూడా మన బండిలాగే మోత పెట్టేది, చిన్న రాయి తగిలితే టక్కున ఆగి పిల్లాణ్ణి ముందుకి విసిరేసేది. ఈనాటి స్కేట్‌బోర్డు చక్రంలో ఉండేది 608 నంబరు బేరింగు. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22. బేరింగుల కొట్టుకి వెళ్ళి నంబరు చెబితే చాలు, ఎందుకని కూడా అడక్కుండా పొట్లం కట్టి ఇస్తాడు. క్రికెట్టుని దొరల ఆట అనని నోరు దీన్ని మాత్రం పరాయిది అనడంలో న్యాయం నాకైతే కనబడదు.

డబ్బున్నోళ్ళ సరదా అన్నదాంట్లో కొంత నిజం ఉంది. పనికొచ్చే బోర్డు ఐదారు వేలకి తక్కువ రాదు. పది బోర్డులంటే అరవై వేల దాకా అవుతుంది, హెల్మెట్లూ మోకాలి తొడుగులూ వేరు. వార్షికోత్సవానికి షామియానాకీ, సౌండు సిస్టానికీ, అద్దె డ్రస్సులకీ ఒక సాయంత్రంలో ఎంత పోస్తున్నామో మాత్రం ఆ సమావేశంలో ఎవరూ లెక్క తియ్యలేదు. పదిమందికి పది బోర్డులు అక్కర్లేదు కూడా. ఒకడు తొక్కుతుంటే ఇద్దరు చూస్తారు. ఈ ఆటలో చూడ్డం కూడా నేర్చుకోవడమే.

డబ్బు మాట ఎత్తినవాళ్ళకి నేను చూపించేది జన్వార్. మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో, పులుల అడవి అంచున ఉన్న చిన్న పల్లె. గోండు ఆదివాసీలూ, యాదవులూ ఉంటారు. ఉల్రికె రైన్‌హార్డ్ అనే జర్మన్ ఆవిడ అక్కడ కాంక్రీటు స్కేట్‌పార్కు కట్టించింది, 2015 నుంచి పిల్లలు ఆడుతున్నారు. డబ్బు ఎలా పోగుచేసిందో చూడండి. చిత్రకారుల చేత స్కేట్‌బోర్డు చెక్కల మీద బొమ్మలు వేయించి, వాటిని వేలం వేసింది. అంటే అక్కడ ఆటస్థలం కట్టిందే బొమ్మల డబ్బుతో. ఆవిడ పెట్టిన నియమాలు రెండు. బడికి వెళ్ళనివాళ్ళకి బోర్డు లేదు. ఆడపిల్ల అడిగితే ముందు ఆమెకే ఇవ్వాలి. బయటినుంచి ఎవరో వచ్చి పల్లెని ఉద్ధరించే కథలంటే నాకూ కొంచెం అనుమానమే. ఆ కథల్లో ఊరివాళ్ళు ఎప్పుడూ చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. ఇక్కడ మాత్రం పిల్లలు చేతులు కట్టుకుని లేరు, చెప్పుల్లేని కాళ్ళతో బోర్డులెక్కేశారు. ఆ ఊరి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో ప్రపంచ స్కేట్‌బోర్డింగ్ పోటీలకి భారత్ తరఫున వెళ్ళింది. గోండు పల్లెలో బతికిన ఆట మన పట్టణం బడిలో ఖరీదైన సరదా ఎలా అయిందో చెప్పగలిగినవాళ్ళు చెప్పాలి.

ఇక ఎముకలు. పడతారు, తప్పదు. పడేటప్పుడు చెయ్యి చాచడం మనిషి స్వభావం, అందుకే ముందు విరిగేది మణికట్టు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఐదేళ్ళలోపు పిల్లల్ని అసలు ఎక్కించొద్దంటుంది, పదేళ్ళ దాకా పెద్దవాళ్ళు దగ్గరుండాలంటుంది. ఆ మాట కాదనే మాస్టారికి క్లబ్బు అప్పగించకూడదు. మొదటి రెండు శనివారాలు బోర్డు ఎక్కనివ్వకుండా గడ్డి మీద పడ్డమే నేర్పాలి, చేతులు ముడుచుకుని, భుజం మీద దొర్లి. తొడుగులు లేకుండా ఎవర్నీ గీత దాటనివ్వకూడదు. ఇవన్నీ ఆ ఒకటిన్నర పేజీల ఉత్తరంలో ఉన్నాయి. చివరిదాకా చదివుంటే కనిపించేవి.

అసలు బాధ్యత గురించి అడిగినాయన సమావేశం అయ్యాక గేటు దగ్గర నిలబడ్డారు. తొమ్మిదో తరగతి చదివే కొడుకు స్కూటీ మీద వచ్చాడు. లైసెన్సు వచ్చే వయసు కాదు. హెల్మెట్ లేదు. ఆయన వెనక ఎక్కి కూర్చున్నారు, ఇద్దరూ హైవే మీదుగా ట్యూషన్‌కి వెళ్ళిపోయారు. మన భయం ఎముకల గురించి కాదని నాకు అప్పుడే అర్థమైంది. ట్యూషన్ దారిలో విరిగే కాలికి ఒక పరువుంది. ఆటలో విరిగే కాలికి లేదు.

ఇవన్నీ చిన్న గొడవలు. నన్ను నిజంగా వేధించింది కలగాపులగం మాట. అన్నాయన చెడ్డ మనిషేం కాదు, పిల్లల మేలు కోరే మనిషే. ఆట ఒక గదిలో, బొమ్మ ఒక గదిలో ఉండాలనీ, రెంటికీ మధ్య గంట కొట్టాలనీ, కలిపితే రెండూ చెడతాయనీ ఆయన నమ్మకం. మన బళ్ళన్నీ ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. ఒక్కసారి మన భాష వినండి. పిల్లలు చెడుగుడు ఆడతారు. భాగవతులు రాత్రంతా ఆడతారు. సినిమా వంద రోజులు ఆడుతుంది. తోలుబొమ్మలు ఆడతాయి. కోలాటం ఆడతారు, గంగిరెద్దు ఆడుతుంది, అమ్మవారు పూనితే మనిషి ఆడతాడు. నాట్యానికీ, నాటకానికీ, పందేనికీ, పిల్లల గంతులకీ ఒకటే మాట పెట్టుకున్న జాతి మనది. అది మాటలు కరువై చేసిన పని కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు తప్పెటగుళ్ళు చూసినవాళ్ళకి తెలుస్తుంది. ఛాతీకి రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, పాడుతూ, వాయిస్తూ, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు ఎక్కుతారు. అది కసరత్తా, పాటా, నాట్యమా? ఆ అడిగేదేదో ఆడేవాణ్ణి అడిగి చూడండి, మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. దాన్ని రెండు ముక్కలు చేసింది టైంటేబుల్. కలగాపులగం చేస్తున్నది ఎవరు? ఒకటిగా ఉన్నదాన్ని కోసినవాళ్ళా, మళ్ళీ అతుకుదామని చూస్తున్న ఆ ఇద్దరు మాస్టర్లా?

బోర్డు దగ్గరికి వద్దాం. స్కేట్‌బోర్డు చెక్కని సాధారణంగా ఏడు పొరల మేపుల్ పలకల్ని జిగురుతో అతికి, అచ్చులో ఒత్తి చేస్తారు. పైన గరుకు కాగితం, కాలు జారకుండా. బొమ్మ వేసేది కింది వైపు, నడిపేవాడికి కనిపించని వైపు. పిల్లవాడు బోర్డుని గట్టు అంచు మీద జార్చడం నేర్చిన రోజునుంచి ఆ బొమ్మ గీసుకుపోతూ ఉంటుంది. వారంలో ముక్కు పోతుంది, నెలలో సగం మొహం పోతుంది. జిమ్ ఫిలిప్స్ 1985లో గీసిన అరిచే నీలి చెయ్యి స్కేట్‌బోర్డు బొమ్మల్లో అందరికీ తెలిసినది, అరచేతిలో నోరుంటుంది దానికి. ఆ బొమ్మ కూడా ఎన్ని వేల చెక్కల మీద గట్లకి రాసుకుని అరిగిపోయిందో. డ్రాయింగ్ పరీక్షకి వేసి, అట్టలో పెట్టి, బీరువాలో దాచే బొమ్మ కాదిది. వాడటానికి వేసే బొమ్మ.

ఇది మనకి కొత్తగా చెప్పాలా? ధనుర్మాసంలో మా అమ్మ తెల్లవారుజామున లేచి, ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెట్టి, నడుం పట్టుకుని లేచేది. ఏడింటికల్లా పాలబ్బాయి సైకిలు దాని మీదుగా వెళ్ళేది. ఒక్కనాడూ "అయ్యో" అనలేదు. మర్నాడు వేరే ముగ్గు. చక్రం కింద పడి చెరిగిపోవడానికి బొమ్మ వెయ్యడమనే విద్య ఈ నేల మీద ప్రతి గుమ్మం ముందూ ఉంది. డ్రాయింగ్ టీచరమ్మ ఉత్తరంలో ఈ వాక్యం లేదు. ఉంటే బాగుండేది, కనీసం ఆ జులాయి మాట అన్నావిడైనా కాస్త ఆగి ఆలోచించేవారు.

"బోర్డు మీద బొమ్మేసినంత మాత్రాన ఆట కళ అయిపోతుందా? బ్యాటు మీద పువ్వు గీస్తే క్రికెట్టు కళవుతుందా?" అని అడిగేవాళ్ళున్నారు. మంచి ప్రశ్నే. బొమ్మ ఒక్కటే అయితే నేనూ ఒప్పుకోను. ఆలీ అనే ఎత్తు చూడండి. ఫ్లోరిడాకి చెందిన అలన్ గెల్ఫాండ్ 1970ల చివర్లో వంపు గోడల మీద చేసి చూపించాడు, ఆలీ అన్నది అతని ముద్దుపేరే. 1980ల మొదట్లో రాడ్నీ ముల్లెన్ దాన్ని సమతలం మీదికి తెచ్చాడు. వెనక కాలితో తోకని నేలకేసి టక్కున కొట్టాలి. బోర్డు ముక్కు పైకి లేస్తుంది. అదే క్షణంలో ముందు కాలు చిటికెన వేలి వైపు ఒరిగించి, గరుకు కాగితం మీద పైకి రాస్తూ పోవాలి. చెక్క కాలి వెంట గాల్లోకి వచ్చి, అడ్డంగా సర్దుకుంటుంది. దేనితోనూ కట్టకుండా, చేత్తో ముట్టకుండా. నేర్చుకునే పిల్లల బూటు చిటికెన వేలి దగ్గర చిల్లి పడేది అందుకే. వందసార్లు రాదు. నూట ఒకటోసారి వస్తుందన్న హామీ కూడా లేదు. వచ్చాక మాత్రం ఒకే ఆలీ ఇద్దరు చేస్తే రెండు దస్తూరీల్లా ఉంటుంది. ఒకడు మోకాళ్ళు గుండెకి ముడుస్తాడు, ఒకతె చేతులు రెక్కల్లా వదిలేస్తుంది. నాలుగైదు ఎత్తులు వరసగా గుచ్చి చేస్తే దాన్ని లైను అంటారు. ఏ మెట్టు ముందు, ఏ గట్టు తర్వాత, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆడేవాడే కూర్చుకోవాలి. ఎదురుగా ప్రత్యర్థి లేడు, గోలు లేదు, కొట్టిన పరుగులు లెక్కపెట్టే పని లేదు. ఒలింపిక్స్‌లో కూడా న్యాయనిర్ణేతలు చూసేది ఎంత కష్టమైనదని మాత్రమే కాదు, ఎంత కొత్తది, ఎంత తీరుగా చేశారన్నది కూడా. క్రికెట్టులో అందమైన కవర్ డ్రైవుకీ, ఎడ్జ్ తీసుకుని పోయిన బంతికీ నాలుగు పరుగులే. ఇక్కడ అలా కాదు. తేడా అదీ.

హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామా సంగీతానికి అనుగుణంగా రోలర్ స్కేట్ల మీద చేసే ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు ఇచ్చారు. చక్రాల మీద కళనీ క్రీడనీ కలిపినందుకు మన తెలుగువాణ్ణే పిలిచి సన్మానం చేసుకుని, అదే పని బడిలో చేస్తామంటే కలగాపులగం అంటున్నాం.

స్వీడన్‌లోని మాల్మో నగరంలో బ్రిగ్గెరియెట్స్ జిమ్నాసియం అని ఒక ఉన్నత పాఠశాల ఉంది. పాత బీరు కర్మాగారం భవనంలో స్కేట్‌పార్కు నడిపేవాళ్ళే 2006లో మొదలుపెట్టారు. స్కేట్‌బోర్డింగు అక్కడ టైంటేబుల్లో ఉంటుంది, ఫోటోగ్రఫీ, డిజైను లాంటివాటి పక్కనే. కాబూల్‌లో ఒలివర్ పెర్కోవిచ్ అనే ఆస్ట్రేలియన్ 2007లో మొదలుపెట్టిన స్కేటిస్తాన్ ఇంకా కఠినమైన చోట ఇదే దారి పట్టింది. 2021 దాకా అక్కడ పిల్లలు కాసేపు బోర్డు తొక్కేవారు, కాసేపు తరగతి గదిలో బొమ్మలతో, కథలతో, చేతిపనులతో నేర్చుకునేవారు. ఆడపిల్ల సైకిలెక్కితే తప్పు పట్టే సమాజంలో స్కేట్‌బోర్డు ఎక్కితే ఏమనాలో ఎవరికీ తెలియలేదు, అది ఎవరి ఆటో ఎవరూ ముందు రాసిపెట్టలేదు కనక. ఆ కొత్తదనమే వాళ్ళకి సందు ఇచ్చింది. మన బళ్ళలో మైదానం మధ్య భాగం ఎవరిదో, అంచున నిలబడి చప్పట్లు కొట్టేదెవరో ఐదో తరగతికే తేలిపోయి ఉంటుంది. ఎవరికీ రాని ఆటలో అందరూ ఒకేచోట మొదలవుతారు.

క్లబ్బుని సమర్థించేవాళ్ళతో కూడా నాకో పేచీ ఉంది. "ఒలింపిక్స్‌లో చేర్చారండీ, టోక్యోలో పదమూడేళ్ళ పిల్ల బంగారం కొట్టింది, మన పిల్లలకీ స్పోర్ట్స్ కోటా వస్తుంది" అని మొదలుపెడతారు. మొమిజి నిషియా పదమూడేళ్ళకే బంగారు పతకం నెగ్గిన మాట నిజమే. కానీ ఈ కర్ర పట్టుకుని నడిచే క్లబ్బు రెండేళ్ళలో ఏమవుతుందో మనకి తెలీదా? ఆరో తరగతి నుంచి స్కేట్‌బోర్డు ఫౌండేషన్ కోర్సు. వారాంతపు పరీక్ష. గోడ మీద ర్యాంకర్ల ఫ్లెక్సీ. బొమ్మలకి "టైం వేస్టు" అని మొదటి కోత. అప్పుడు నిజంగానే రెండూ చెడతాయి.

నాకు ఆ ఒలింపిక్స్‌లో గుర్తున్నది పతకం రాని అమ్మాయి. మహిళల పార్కు పోటీలో పదిహేనేళ్ళ మిసుగు ఒకామోటో మీద జపాన్‌కి బోలెడు ఆశలు. ఆఖరి పరుగులో పడిపోయింది, నాలుగో స్థానంలో మిగిలింది. ఏడుస్తూ పైకి వచ్చిన పిల్లని, ఆమెతో పోటీపడిన వేరే దేశాల అమ్మాయిలు చుట్టుముట్టి భుజాల మీదికి ఎత్తేశారు. వాళ్ళు ఎత్తింది ఆ పిల్ల భద్రమైన పరుగు ఎంచుకోకుండా కష్టమైనదే ప్రయత్నించిందని. ఓడినవాళ్ళని ఎత్తుకునే ఆట ఇంకోటి మీకు తెలిస్తే దాని క్లబ్బు పెట్టండి, నేనడ్డు రాను.

చట్టం మాట ఎవరైనా అడుగుతారేమోనని అదీ చూశాను. 2009 విద్యాహక్కు చట్టం చివర ఒక షెడ్యూలు ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే, ఆ బడికి ముగ్గురు పార్ట్‌టైం బోధకులు ఉండాలంటుంది. కళావిద్యకొకరు, ఆరోగ్య వ్యాయామ విద్యకొకరు, పని విద్యకొకరు. బోర్డు మీద బొమ్మ మొదటిది, దాన్ని తొక్కడం రెండోది, వడ్రంగి పక్కన కూర్చుని ప్లైవుడ్డు కోసి ర్యాంపు బిగించడం మూడోది. పార్లమెంటు మూడు వరసల్లో రాసినదాన్ని ఆ ఇద్దరు మాస్టర్లు ఒక శనివారంలో పెడతామన్నారు. 2020 జాతీయ విద్యా విధానం అయితే పాఠానికీ పాఠ్యేతరానికీ మధ్య గోడ ఉండకూడదని నేరుగానే రాసింది.

కావలసిన నేల ఎంతంటే, బ్యాడ్మింటన్ కోర్టంత సిమెంటు చాలు. ఆ బడిలో ప్రార్థన జరిగే చోటు సరిగ్గా అంతే ఉంది. మొన్న అటు వెళ్ళినప్పుడు చూశాను, కంకర పలుకులు లేవు, శుభ్రంగా ఊడ్చి ఉంది. ఎవరు ఊడ్చారో అడగలేదు. డ్రిల్లు మాస్టారు మాత్రం ఉత్తరం తిరగరాస్తున్నామన్నారు. హెడ్మాస్టారు ఈసారి కాదనలేదట, ఒకటే అడిగారట: శనివారం ఆఖరి రెండు పీరియడ్లు డ్రాయింగూ, గేమ్సూ కదా, క్లబ్బుని ఏ పీరియడ్లో వెయ్యాలి?

రెంట్లోనూ అన్నారట వీళ్ళు. చిక్కేమిటంటే ఆ రెండు పీరియడ్లూ జూలై నుంచి లెక్కల మాస్టారి దగ్గరున్నాయి, సిలబస్ వెనకబడిందని. ముందు ఆయన్ని అడిగి తెచ్చుకోవాలి.